లేవడం అనే మాట: పునరుత్థాన విశ్వాసం, దైనందిన జీవితం

కుంభారి వైపునుంచి వచ్చే తెలుగు విద్యార్థులకు మార్కండేయుని కథ చెప్పనక్కరలేదు. పద్మశాలీలు తమ వంశమూలాన్ని మార్కండేయునితోనూ, ఆయన కుమారుడైన భావనాఋషితోనూ కలిపి చెప్పుకుంటారు. శ్రావణ పూర్ణిమనాడు సోలాపుర్ వీధుల్లో మార్కండేయుని రథం కదులుతుంది. పదహారేళ్లకే ఆయువు తీరవలసిన బాలుడు శివలింగాన్ని కౌగిలించుకోవడం, యముడు పాశం విసరడం, శివుడు యముణ్ణి తన్నడం, బాలుడు చిరంజీవి కావడం నేతపని చేసే ఇళ్లలో పిల్లలకు ఊహ తెలిసినప్పటినుంచీ వినిపించే విషయాలు. మృత్యువును గెలిచిన మూలపురుషుడున్న సమాజంలో పుట్టిన విద్యార్థి క్రైస్తవుల పునరుత్థానాన్ని గురించి చదివినప్పుడు 'ఇది మనకు తెలిసిందేగదా' అనుకోవడం సహజం. మరికొందరు దాన్ని పునర్జన్మగా భావించి జవాబు పత్రాలలో అలాగే వ్రాస్తారు. రెండూ సరికావు. ఆ తేడా తెలియకపోతే, ఈ విశ్వాసం తెలుగుదేశంలో కొందరి దినచర్యను, తిండిని, కూలిని, చావు మాటలను ఎలా మార్చిందో అర్థం కాదు. ఆ విశ్వాసం నిజమా, కాదా అన్న చర్చ మా పరిధిలోనిది కాదు. నమ్మినవారి నిత్యజీవితంలో అది ఏం చేసింది, ఏం చేయలేకపోయింది అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు మాటను చూద్దాం. 'పునరుత్థానం' సంస్కృత సమాసం: పునః, ఉత్, స్థా. మళ్లీ పైకి నిలబడటం అని అర్థం. క్రొత్త నిబంధన గ్రీకులో దీనికి ఉన్న మాట 'అనాస్తాసిస్'. దానిలోని ధాతువూ, సంస్కృతంలోని 'స్థా' ధాతువూ ఒకే మూలానికి చెందినవి. గ్రీకు మాటలోనూ పైకి నిలబడటమే ఉంది. పండితులు కూర్చిన అనువాదాల్లో ఇంత చక్కగా అమరినవి తక్కువ. అయితే గ్రీకు రచయితలు ఇదే విషయానికి ఇంకొక మాటను కూడా విరివిగా వాడారు. అది 'ఎగైరో'. నిద్రపోయేవాణ్ణి లేపడానికి ఇంట్లో రోజూ వాడే మాట అది. తెలుగు బైబిలు దీనిని 'లేచుట', 'లేపుట' అన్న అచ్చతెలుగు క్రియలతో చెప్పింది. తమిళంలోని 'ఎழு', కన్నడంలోని 'ఏళు', మన 'లేచు' ఒకే ద్రావిడ ధాతువునుంచి వచ్చినవే. వర్ణవ్యత్యయం వల్ల తెలుగు రూపం కొంచెం దూరంగా కనిపిస్తుంది, అంతే. కాబట్టి గుడిలో ఉపదేశకుడు 'పునరుత్థానము' అన్నా, వినే ముసలమ్మ మనసులో మెదిలేది 'లేవడం'. కోడి కూసినప్పుడు లేస్తాం. జ్వరం తగ్గాక మంచం మీదినుంచి లేస్తాం. పెద్దకులంవాడు వస్తే అరుగు మీదినుంచి లేవమనేవారు. ఈ మూడు లేవడాలూ ఆ మాటలో ఉన్నాయి.

ఒక పక్కదారి మాట. కుంభారిలో బీడీ కార్మిక స్త్రీల కోసం కట్టిన పదివేల ఇళ్ల కాలనీకి గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టారు. ఆ ఇళ్లను 2006లో అప్పగించారు. ఆమె వార్లీ ఆదివాసుల పోరాటాన్ని గురించి మరాఠీలో వ్రాసిన పుస్తకానికి 1972లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆ పుస్తకం పేరు 'జేవ్హా మాణూస్ జాగా హోతో', అంటే మనిషి మేలుకొన్నప్పుడు. ఆమె కమ్యూనిస్టు. ఆ పేరులో మతార్థం ఏమీ లేదు. అయినా 'ఎగైరో'ను మరాఠీలో వివరించమంటే 'జాగా హోణే' అన్న మాట ముందుగా నోటికి వస్తుంది. అణగి ఉన్నవారు లేవడాన్ని చెప్పడానికి మతం, విప్లవం ఒకే ఇంటిమాటను వెతుక్కున్నాయన్న సంగతి భాషాశాస్త్ర విద్యార్థి గమనించదగినది.

ఇక విశ్వాసం చెప్పేదేమిటి? మార్కండేయుడికి చావు తప్పింది. యేసుకు తప్పలేదు. రోమన్ ప్రభుత్వం బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే అతి నీచమైన శిక్షతో చనిపోయాడు, సమాధి అయ్యాడు, మూడవనాడు లేచాడు అన్నది సువార్తల కథనం. మార్కండేయుని కథలో మృత్యువు గుమ్మం దగ్గరే ఆగింది. ఇక్కడ మృత్యువు లోపలికి వచ్చి, పని పూర్తి చేసి, ఆ తర్వాత ఓడింది. పునర్జన్మలో పాత దేహం పోతుంది, జ్ఞాపకం పోతుంది, వేరొక గర్భంలో వేరొక జీవితం మొదలవుతుంది. పునరుత్థానంలో అదే మనిషి, అదే పేరు, అవే గాయాలు. లేచినవాని చేతుల్లో మేకుల గుర్తులు ఉన్నాయని యోహాను సువార్త ప్రత్యేకించి చెబుతుంది. ఆత్మకు చావులేదన్న మాట కూడా ఇది కాదు. ఆత్మ అమరమనడం మనదేశంలో అందరికీ తెలిసిన మాటే. పొట్ట, వేళ్లు, వెన్ను ఉన్న ఈ శరీరం కూడా దేవుని లెక్కలో ఉన్నదనడం కొత్త మాట.

సువార్తలు చెప్పే పునరుత్థాన సంఘటనలలో ఉన్న మామూలుతనం తరచూ మన దృష్టి దాటిపోతుంది. ఖాళీ సమాధిని ముందు చూసినవారు స్త్రీలు. వాళ్లు వెళ్లింది అద్భుతం చూడటానికి కాదు, శవానికి సుగంధద్రవ్యాలు పూయాలన్న చావింటి పని మీద. లేచిన యేసు రాత్రంతా వలవేసి ఏమీ దొరకక ఒడ్డుకు వచ్చిన జాలరులకు నిప్పుల మీద చేపలు కాల్చి, రొట్టెతో పెట్టాడు. రాత్రి పాళీ ముగించుకొని వట్టి చేతులతో ఇంటికి వచ్చే మరమగ్గం కార్మికుడికి ఈ ఘట్టం వివరించనక్కరలేదు. అపొస్తలుల కార్యాలలో యొప్పే పట్టణపు తబిత అనే స్త్రీ కథ ఉంది. ఆమె చనిపోయినప్పుడు ఊరి విధవలు ఏడుస్తూ వచ్చి, ఆమె బ్రతికి ఉండగా కుట్టి ఇచ్చిన బట్టలను తెచ్చి చూపించారు. ఆమె జీవితచరిత్ర అంతా ఆ బట్టలే. పేతురు ఆమెను లేపాడని కథ. పౌలు గుడారాలు చేసే వృత్తివాడు. కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో పదిహేనవ అధ్యాయమంతా పునరుత్థానం గురించే సుదీర్ఘంగా వాదించి, చివరికి వచ్చేసరికి మీరు పడే కష్టం వృథా కాదన్న మాటతో ముగిస్తాడు. అంత పెద్ద తాత్త్విక వాదం పరలోక వర్ణన దగ్గర కాకుండా పని దగ్గర ఆగింది. గుడారాలు కుట్టినవాడు కనుకనే అలా ఆగిందని మేము అనుకుంటాం.

సోలాపుర్ ప్రాంతంలో క్రైస్తవ మిషన్ల చరిత్ర ప్రధానంగా మరాఠీ చరిత్ర. తెలుగువారిలో ఈ విశ్వాసం నిత్యజీవితాన్ని ఎలా తాకిందో చూడాలంటే ఒంగోలుకు వెళ్లాలి.

యర్రగుంట్ల పేరయ్య మాదిగవాడు, తోళ్ల వ్యాపారి. ఆయన 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరకు వచ్చి క్రైస్తవుడయ్యాడు. అంతకుముందే యోగమార్గంలో ఉపదేశం పొందినవాడు, వెతుకుతూ ఉన్నవాడు. ఆ కాలపు మాదిగల ఆధ్యాత్మిక అన్వేషణను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకంలో వివరంగా చిత్రించింది. చెప్పులు కుడుతూ చెప్పుకొనే కథలని దాని పేరుకు తాత్పర్యం. ఆ పల్లెలకు పోతులూరి వీరబ్రహ్మం కథ తెలుసు. సజీవ సమాధిలో ప్రవేశించి, వీరభోగ వసంతరాయలుగా తిరిగి వస్తానని చెప్పిన యోగి ఆయన. ఆయన కథల్లో మాదిగ కక్కయ్యకు చోటుంది. అందువల్ల సమాధినుంచి వచ్చేవాడి మాట ఆ చెవులకు పరాయిది కాదు. వీరబ్రహ్మం రావలసినవాడు, యేసు వచ్చేసినవాడు అన్న కాలభేదమే కొత్త. భవిష్యత్ క్రియ భూతక్రియ అయింది. ఎదురుచూస్తూ బ్రతికే మనిషికీ, జరిగిపోయింది కనుక ఇక ఇలా బ్రతకాలి అనుకొనే మనిషికీ నడకలో తేడా ఉంటుంది.

1876–78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. కూలికోసం మతంలో చేరారన్న మాట రాకుండా కరవు కాలంలో బాప్తిస్మాలు ఆపివేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకె చరిత్ర పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది గాని అక్కడ జరిగిన క్రియకు అర్థం చెప్పేవారు తక్కువ. బాప్టిస్టులు నీళ్లు చిలకరించరు, మనిషిని పూర్తిగా ముంచి లేపుతారు. ముంచడం సమాధి, లేపడం పునరుత్థానం అని పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలో ఇచ్చిన వివరణ. ఆ రోజు గుండ్లకమ్మలో దిగిన ప్రతివాడూ పునరుత్థానాన్ని వినడమే కాదు, తన ఒంటితో చేశాడు. కరవులో అయినవారిని పూడ్చివచ్చిన మనుషులకు ముంచడం, లేపడం ఎంత బరువైన క్రియలై ఉంటాయో ఊహించవచ్చు.

నీళ్లలోనుంచి లేచిన తర్వాత ఊళ్లోకి తిరిగి వెళ్లాలి. అక్కడ ఏం మారాలి? పేరయ్య కాలంనుంచి కొత్తగా చేరినవారికి పెట్టిన నియమాలు మూడని క్లౌ వ్రాసుకున్నాడు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. మూడవది మతం మారినవారిని ఎవరైనా అడిగేదే. మొదటి రెండూ ఊరి కట్టుబాటును తాకాయి.

చచ్చిన పశువు సంగతి ముందు చూద్దాం. ఊళ్లో గొడ్డు చస్తే దాన్ని లాక్కుపోవడం, తోలు ఒలవడం, మాంసం తినడం మాదిగల పని, మాదిగల వాటా. మనుషులు చస్తే కబురు మోయడం, గుంట తవ్వడం, డప్పు కొట్టడం మాల మాదిగలకు పంచిన పనులు. 'చావు కబురు చల్లగా' అన్న మన జాతీయం వినడానికి సరదాగా ఉంటుంది గాని, ఆ కబురు మోసిన కాళ్లు ఎవరివని ఎవరూ అడగరు. ఊరి చావు అంతా కొన్ని కులాల మీద దింపి, ఆ చావు అంటినందుకు వాళ్లనే అంటరానివారన్నారు. ఇలాంటి మనిషి దగ్గరకు వచ్చి 'చావు ఓడిపోయింది' అని చెప్పడం, అగ్రహారంలో అదే మాట చెప్పడం ఒకటి కాదు. ఇక చావును తినను, చావుకు డప్పు కొట్టను అనడం అతడికి సిద్ధాంతంకంటే ముందు కడుపుకు, ఒంటికి సంబంధించిన నిర్ణయం. కరవు ప్రాంతంలో ఆ మాంసం వదులుకోవడం చిన్న విషయం కాదు. ఆకలికి గౌరవాన్ని పోటీ పెట్టడమే అది.

ఆదివారం నియమం ఇంకా లోతైనది. యూదుల విశ్రాంతి దినం శనివారం. యేసు లేచింది ఆ మరునాడు కనుక క్రైస్తవులు ఆ రోజును పట్టుకున్నారు. రష్యన్ భాషలో ఆదివారానికి ఉన్న 'వస్క్రెసేన్యె' అన్న పేరు పునరుత్థానమన్న మాటే. అంటే వారానికొకసారి వచ్చే చిన్న ఈస్టరు అది. మొదట్లో ఆ రోజు సెలవు కాదు. బానిసలు, కూలివారు ఎక్కువగా ఉన్న సమాజం కనుక తెల్లవారకముందే కూడి, తర్వాత పనికి పోయేవారు. క్రీ.శ. 112 ప్రాంతంలో రోమన్ అధికారి ప్లినీ చక్రవర్తికి పంపిన నివేదికలో తెల్లవారకముందు కూడే ఈ అలవాటు ప్రస్తావన ఉంది. 321లో కాన్‌స్టంటైన్ పట్టణాలలో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా శాసించాడు. వ్యవసాయపు పనికి మినహాయింపు ఇచ్చాడు. పొలం కూలివాడికి సెలవు అప్పుడూ దొరకలేదు.

ఒంగోలు పల్లెల్లో ఆ రోజుల్లో 'ఆదివారం' అంటే ఏడు వారాల్లో ఒకటి. పండుగలు, అమావాస్యలు, నోములు ఉన్నాయి. కాని వెట్టివాడికి తనదని చెప్పుకోవడానికి వారంలో ఒక రోజు లేదు. కరణం పిలిస్తే, రెడ్డి పిలిస్తే లేచి వెళ్లాలి. ఇందాకటి మాటే: లేవడం. అటువంటివాడు 'రేపు రాలేను, రేపు ఆదివారం' అంటే సెలవు అడిగినట్లు కాదు, నీది కాని కాలం ఒకటి నా దగ్గర ఉన్నదని చెప్పినట్లు. ఊరిపెద్దలకు ఇది వెంటనే అర్థమైంది. బావులు మూశారు, పొలాలలోకి రానివ్వలేదు, పనులు ఆపారు, కొట్టారు. క్లౌ కొన్నిచోట్ల అధికారులను ఆశ్రయించవలసివచ్చింది. ఆ గొడవల్లో ఎక్కువ భాగం దేవుడు ఒకడా, ముగ్గురా అన్నదాని మీద రాలేదు. వారం ఎవరిది, డప్పు ఎవరు కొట్టాలి అన్నవాటి మీద వచ్చింది. పునరుత్థాన విశ్వాసం నిత్యజీవితాన్ని మార్చిందనడానికి మేము ఎన్నుకొనే తెలుగు సాక్ష్యం గుండ్లకమ్మ దగ్గరి అంకె కాదు. ఆ తర్వాతి ఆదివారాల తగాదాలే సాక్ష్యం.

మహారాష్ట్ర విద్యార్థులకు ఇక్కడ ఒక దగ్గరి ఉదాహరణ ఉంది. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు ఇవ్వాలని 1884నుంచి పోరాడినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే, ఫులే సత్యశోధక ఉద్యమంలోనివాడు. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. ఆదివారం ఖండోబా వారం కనుక అది మన కార్మికులకూ పవిత్రమైనదేనని ఆయన వాదించాడని చెబుతారు. ఒంగోలులో యేసు లేచిన రోజని, బొంబాయిలో ఖండోబా రోజని, దారులు వేరైనా రెండుచోట్లా కూలివాడు పట్టుకున్నది ఒక్క రోజునే. సెలవు సంపాదించడానికి పునరుత్థానాన్ని నమ్మి తీరాలని మేము అనడం లేదు. ఏ పవిత్రతా తోడు లేకుండా, నేను అలసిపోయాను అన్న కారణం ఒక్కటే చెబితే, ఆ రోజుల్లో కూలివాడి మాటకు విలువ ఉండేది కాదు.

ఇప్పుడు చావుకు సంబంధించిన భాషకు వద్దాం. తెలుగువాడు ఏ సంప్రదాయంవాడో అతని మరణవార్తలోని క్రియాపదం చెప్పేస్తుంది. వైష్ణవులు పరమపదించారంటారు. శైవులు శివైక్యం చెందారంటారు. సోలాపుర్‌లో మీ పక్కింటి లింగాయతుల ఇళ్లలో లింగైక్యం అంటారు. క్రైస్తవులు 'ప్రభువునందు నిద్రించారు' అంటారు. ఈ నాలుగింటిలో చివరిది ఒక్కటే తిరిగి లేవడాన్ని లోపల దాచుకున్న క్రియ. ఐక్యమైనవాడు విడిపోడు, పదం చేరినవాడు తిరిగిరాడు. నిద్రించినవాడు మాత్రం లేవాలి. గ్రీకులో శ్మశానానికి క్రైస్తవులు వాడిన మాటకు నిద్రించే చోటని అర్థం. ఆ మాటే మారి మారి ఇంగ్లీషులో సెమెటరీ అయింది. ఇంగ్లీషు మాట్లాడేవారికి ఆ అర్థం ఎప్పుడో మరుగున పడింది. తెలుగు క్రైస్తవ వాడుకలో ఇంకా బ్రతికే ఉంది.

మాట మారితే మర్యాద మారుతుంది. నిద్రపోయేవాడి దగ్గర మైల ఏమిటి? దినాలు పాటించడం, అశౌచం, విధవరాలి ఎదురు అపశకునం అనుకోవడం, వీటన్నిటి అడుగున ఉన్నది చావు అంటుకుంటుందన్న భయం. సమాధి దగ్గర కీర్తనలు పాడే అలవాటు, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లి దీపాలు పెట్టే అలవాటు ఆ భయాన్ని తగ్గించాయి. ఇది క్రైస్తవులు ఒక్కరే చేసిన పని అని మాత్రం వ్రాయకండి. బసవేశ్వరుని మార్గంలో చావు సూతకం లేదు. లింగాయతులూ పూడ్చిపెడతారు, కూర్చోబెట్టి. సోలాపుర్ సిద్ధరామేశ్వరుని ఊరు కనుక ఇక్కడివారికి ఇది పన్నెండవ శతాబ్దినుంచీ తెలిసిన సంగతే.

మరొక వ్యాకరణ విషయం. తెలుగులో 'మనం', 'మేము' అన్న భేదం ఉంది. మరాఠీలో 'ఆపణ్', 'ఆమ్హీ' అన్న భేదం ద్రావిడ ప్రభావం వల్ల వచ్చిందని పలువురు భాషావేత్తల అభిప్రాయం. వాడుక కన్నడంలో ఇది పోయింది. చనిపోయిన మనిషిని 'మనం'లో చేర్చాలా? మామూలు వాడుకలో చేర్చం. అంత్యక్రియల ప్రార్థనలో 'మనమందరమూ లేస్తాము' అన్నప్పుడు ఆ 'మనం'లో పెట్టెలోని మనిషి కూడా ఉన్నాడు. భర్త పోయిన స్త్రీకి ఈ సర్వనామం చేసే మేలును వేదాంత గ్రంథాలు పట్టించుకోలేదు. మన భాషకు ఆ సౌకర్యం ఉన్నదని మా తృప్తి.

శరీరం సంగతి క్లుప్తంగా. దేహం లేస్తుందన్నప్పుడు కుష్ఠురోగి దేహం కూడా లేస్తుంది కదా. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పిన వైద్యురాలు ఇసబెల్ కెర్, మిరజ్‌లో 1894లో ఆసుపత్రి ప్రారంభించిన విలియం వాన్లెస్, ఇద్దరూ మిషనరీలే. వైద్యసేవకు కారణాలు అనేకం. పునరుత్థానం ఒక్కటే కారణమనడం అతి అవుతుంది. డిచ్‌పల్లి ఆసుపత్రికి ధనసహాయం చేసిన నర్సాగౌడ్ హిందువు. అయినా ఊరు బయటకు తోసిన దేహాన్ని ముట్టుకొని కట్టు కట్టడానికి దేహం గురించిన ఒక అభిప్రాయం కావాలి. ఆ అభిప్రాయాన్ని వీళ్లకు ఇచ్చిన నమ్మకాల్లో ఇది ఒకటి.

ఈ విశ్వాసం చేయలేకపోయినదాన్ని కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. అందరూ కలిసి లేస్తారని నమ్మిన సంఘాలలో కులాన్నిబట్టి వేరువేరుగా కూర్చున్నవి, వేరువేరుగా పాతిపెట్టినవి ఉన్నాయి. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువ 1941లో 'గబ్బిలం' వ్రాయవలసివచ్చింది. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడెమీ గౌరవం దక్కింది. ఈ రెండు కావ్యాలనూ ఒకే చేయి వ్రాసిందంటే, లేచిన క్రీస్తును నమ్మడం ఒకటి, లేవనివ్వని ఊరిలో బ్రతకడం ఇంకొకటి అని ఆ కవికి బాగా తెలుసునన్నమాట. బయటినుంచి వచ్చే అడ్డంకులూ ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో 2025 జనవరిలో ఒక క్రైస్తవ బోధకుడి శవాన్ని సొంత ఊరిలో పాతిపెట్టనివ్వకపోతే, కుమారుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. శవం దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉంది. ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు చెప్పి, చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానంలో పాతిపెట్టమని జనవరి 27న ఆదేశించారు. నిద్రించే చోటు కూడా దొరకని నిద్ర అది.

ఇంకొక ఆక్షేపణ ఎర్రజెండాల నీడలో పెరిగిన కుంభారి విద్యార్థులే వేస్తారు. రేపు లేస్తావులే అని చెప్పి నేడు పడి ఉండమనడం కాదా ఇది? కొన్నిచోట్ల అదే జరిగింది. దొరకు లోబడి ఉండమనీ, ప్రతిఫలం పైన దొరుకుతుందనీ చెప్పిన ప్రసంగాలకు కొదవలేదు. మా అభిప్రాయం ఇది: ఈ విశ్వాసం వారానికో, తిండికో, మరణవార్తకో ముడిపడి ఒక నియమంగా మారినచోట మనుషుల నడక మారింది. ఈస్టరు ప్రసంగంగానే మిగిలినచోట కొత్త బట్టలు తప్ప ఏమీ మారలేదు.

కుంభారిలో ఆదివారం సంగతి ఇంకా తేలలేదు. బీడీ, చుట్ట కార్మికుల కోసం 1966లో చేసిన చట్టం పని స్థలాలలో వారపు సెలవును పేర్కొన్నది. కాని ఒడిలో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకొనే స్త్రీకి ఇల్లే పని స్థలం. చుట్టని రోజు కూలి లేని రోజు. 2024 జనవరి 19న ఇదే కుంభారిలో రాయనగర్ ఇళ్లు పదిహేను వేలు అప్పగించారు. సొంత గోడలు వచ్చాయి. ఆ గోడల మధ్య తనదైన రోజు ఎవరికి ఉంది, దాన్ని ఏ పేరుతో కాపాడుకుంటున్నారు అన్నది పరిశీలించవలసిన విషయం.

వచ్చే సెలవుల్లో విద్యార్థులు ఈ పని చేయవచ్చు. మీ వీధిలోని మరణవార్త కరపత్రాలు, గోడమీద అంటించే కాగితాలు, ఫోనుల్లో పంపుకొనే సందేశాలు ఓ యాభై సేకరించండి. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ ఏదైనా సరే. ప్రతిదానిలో చనిపోవడానికి వాడిన క్రియ, దాని కర్త, విభక్తి వ్రాయండి. తెలుగువారి కాగితంలో క్రియ మరాఠీలోకి ఎప్పుడు మారింది, 'నిధన్' అన్న మాట ఎక్కడ చొరబడింది గుర్తించండి. పక్కనే మరొక వరుస గీసి, ఆ ఇంట్లో మగ్గం గాని, చేట గాని ఎన్ని రోజులు ఆగిందో కూడా అడిగి వ్రాయండి. అడిగేటప్పుడు కాస్త మెల్లగా అడగండి.